వీధియే రంగస్థలము: సంచార కళాకారులు – పట్టణ శాసనములు

కోటి విద్యలు కూటి కొరకే అని మన పెద్దలు చెప్పిరి. ఆ కోటి విద్యలలో కొన్నింటికి మందిరములు, టిక్కెట్లు, కుర్చీలు ఉన్నవి. మరికొన్నింటికి వీధి తప్ప వేరు రంగస్థలము లేదు. పగటివేషగాళ్లు, గారడీవారు, గడనెక్కి ఆడు దొమ్మరివారు, గంగిరెద్దులవారు, తెల్లవారుజామున బుడబుక్క మ్రోగించుకొని వచ్చువారు, దాయిరా వాయించుచు పాడు ఫకీర్లు – వీరందరును ఊరూర తిరిగి విద్య చూపి పొట్ట పోసికొనువారు. మన మెట్ట గ్రామములలో పంట ఇల్లు చేరిన దినములలో వీరి రాకకై ఎదురుచూచిన తరము ఇంకను మన ఇండ్లలో ఉన్నది. అదే కళాకారుడు అదే వేషముతో హైదరాబాదు కూడలిలోనో, బెంగుళూరు బజారులోనో నిలిచినచో "ఎవరి అనుమతితో ఆడుచున్నావు?" అను ప్రశ్న ఎదురగును. ఊరిలో అతిథి అయినవాడు నగరములో నిందితుడు ఎట్లయ్యెను? ఈ విషయమునే ఈ చిన్న వ్యాసములో విచారింపదలచితిమి.

పల్లెలో స్వేచ్ఛ ఉన్నది, పట్టణములో నిబంధనలు ఉన్నవి అని సాధారణముగా సమాధానము చెప్పుదురు. ఆ సమాధానము సరికాదని మా అభిప్రాయము. పల్లెలో కూడ నిబంధనలుండెను. అవి కొన్ని విధముల పట్టణ నిబంధనల కంటె కఠినమైనవి. అయితే పల్లె కట్టుబాటు ఆ మనిషిని కళాకారుడని గుర్తించిన పిమ్మట అతనికి హద్దులు గీసెను. పట్టణ శాసనము అతనిని గుర్తింపకయే హద్దులు గీసినది. భేదమంతయు ఇక్కడనే కలదు.

ఊరి కట్టుబాటు

సంచార కళాకారులకు మన ప్రాంతము క్రొత్త కాదు. శివరాత్రికి శ్రీశైలము పోవు యాత్రికులు ఆత్మకూరు మీదుగా వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారిని నల్లమల దాటుదురు. జనము నడచు దారిని కళయు నడచును. కడప పెద్ద దర్గా ఉరుసునకు ఫకీర్ల బృందములు చేరును. పీర్ల పండుగ నాడు పులివేషములు వీధికెక్కును. ఈ వేషములకు హిందూ ముస్లిం భేదము లేదని అందరెరిగినదే. ఏలూరు ప్రాంతీయుడైన జాఫర్ షరీఫ్ రచింపగా హెర్క్లాట్స్ అను వైద్యుడు ఆంగ్లీకరించి 1832లో ప్రకటించిన 'కానూన్-ఎ-ఇస్లాం' గ్రంథములో మొహర్రము దినములలో దక్కను వీధులలో కనిపించు ఫకీరు వేషములు, పులివేషములు విస్తరముగా వర్ణింపబడినవి. అనగా ఈ సంప్రదాయమునకు రెండు వందల యేండ్ల నాటి లిఖితసాక్ష్యము తెలుగుదేశపు ముస్లిం రచయిత కలము నుండియే లభించుచున్నది.

ఇక కట్టుబాట్ల సంగతి. బృందము ఊరు చేరగనే మొదట గ్రామపెద్దలను, అనగా రెడ్డిని, కరణమును దర్శింపవలెను. ఎన్ని దినములుందురో, ఏమి ఆడుదురో విన్నవింపవలెను. గుడారము ఊరి వెలుపల తోపులోనో, చెరువు కట్ట క్రిందనో వేయవలెను. పగటివేషగాళ్లు దినమునకొక వేషము చూపుదురే గాని ప్రతి దినము చేయి చాపరాదు. చివరి దినమున మాత్రమే ఇంటింట సంభావన స్వీకరింతురు. ఏ ఊళ్లు ఏ కుటుంబమునకు చెందునో ముందే పంపకము ఉండెడిది. ఒకరి ఊరిలో మరొకరు ఆడరాదు. కొన్ని ఆశ్రిత కులముల వారు తమ హక్కునకు సాక్ష్యముగా తామ్రపత్రములను సైతము భద్రపరచుకొనిరి. ఇవన్నియు నిబంధనలే కదా! స్థలము, కాలము, వసూలు, హక్కు – నాలుగును నిర్ణయింపబడియున్నవి.

ఈ ఏర్పాటును స్వర్ణయుగమని పొగడుట మా ఉద్దేశము కాదు. పెద్దరెడ్డి కన్నెర్ర చేసినచో విన్నవించుకొను చోటు లేదు. కళను మెచ్చినవారే కళాకారుని కులము చూచి గడప దాటనీయలేదు. అయినను అతడు ఎవడో, ఎందులకు వచ్చెనో ఊరెరుగును. ఆ ఎరుకయే అతనికి రక్ష.

తిరుగువాడే దొంగ అను అనుమానము

ఆంగ్ల ప్రభుత్వమునకు స్థిరముగా ఒకచోట నివసించువాడు పన్ను చెల్లించు ప్రజ, తిరుగువాడు అనుమానితుడు. ఈ దృష్టితోనే 1871లో నేరస్థ జాతుల చట్టము పుట్టినది. మొదట ఉత్తర హిందూస్థానములో అమలైన ఈ చట్టము 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికి కూడ వచ్చినది. దాని ప్రకారము ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటించినచో, అందులో పుట్టినవారు ఏ నేరము చేయకున్నను పేర్లు నమోదు చేయించుకొని వ్రేలిముద్రలు ఇవ్వవలెను. అనుమతి లేక ఊరు కదలరాదు. ఎడ్లమీద ఉప్పు, ధాన్యము రవాణా చేయుచు, స్త్రీలు సోది చెప్పుచు జీవించిన ఎరుకలవారు ఈ జాబితాకెక్కిరి. రైళ్లు వచ్చి వారి ఉప్పు వర్తకము దెబ్బతిన్నది. ఆపై వచ్చిన ఈ చట్టము వారి నడకను కూడ ఆపివేసినది. 'దొంగ దాసరులు' అని పిలువబడినవారికైతే నింద పేరులోనే చేరిపోయినది.

ఇట్టివారిని ఒకచోట కట్టివేయుటకు సెటిల్మెంట్లు వెలసినవి. బాపట్ల చెంత స్టువార్టుపురము, నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్ప పేర్లు అందరెరిగినవే. నాటి మన కర్నూలు జిల్లాలోనే సిద్ధాపురములో అట్టి సెటిల్మెంటు ఒకటి ఉండెను. మద్రాసు రాష్ట్రము 1947లో ఈ చట్టమును తొలగించెను. 1952 ఆగస్టు 31 నుండి దేశమంతటను అది రద్దయినది. చట్టము పోయినను అనుమానము పోలేదు. ఊరికి క్రొత్తగా వచ్చిన గుడారమును చూచి మొదట తాళము సరిచూచుకొను అలవాటు ఆనాటి వారసత్వమే.

1871 చట్టములో మరియొక భాగము కలదు. నమోదైన హిజ్రాలు స్త్రీవేషముతో వీధిలో కనిపించినను, బహిరంగముగా నాట్యమాడినను, వాద్యము వాయించినను వారంటు లేక నిర్బంధింపవచ్చునని, రెండు సంవత్సరముల వరకు శిక్షింపవచ్చునని అందున్నది. దీనిని అనుసరించియే హైదరాబాదు సంస్థానములో 1329 ఫసలీలో, అనగా 1919లో, ఒక శాసనము చేయబడినది. నిజాము పాలన ముగిసినను అది పుస్తకములలో నిలిచియే ఉండెను. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. వీధిలో ఆడి పాడుటయే నేరమని చెప్పిన శాసనము మన తెలుగు నేలమీద నూరేండ్లకు పైగా జీవించినదన్నమాట.

మాట మీది భయము

పాలకులకు తిరుగువాని కాళ్లమీదనే గాక నోటిమీద కూడ భయమే. 1876 నాటక ప్రదర్శనల చట్టము ప్రభుత్వమునకు నచ్చని ప్రదర్శనను నిషేధించు అధికారమిచ్చినది. అయితే మతోత్సవములలో జరుగు జాతర ప్రదర్శనలకు ఈ చట్టము వర్తింపదని అందే వ్రాసియున్నది. జాతరపై చేయి వేసిన ఏమగునో ఆంగ్లేయులకు తెలియును. ఈ చట్టము 2018లో గాని పూర్తిగా తొలగలేదు.

ఈ సందర్భమున గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ గారిని స్మరింపక తప్పదు. పింజారీల ఇంట పుట్టి, తంబురా భుజమున వేసికొని, బుర్రకథకు దేశమంతట పేరు తెచ్చిన ఆ మహనీయుడు 1986లో పద్మశ్రీ పొంది 1997లో కన్నుమూసెను. ప్రజానాట్యమండలి కథకుడుగా ఆయన ఊరూర తిరిగిన 1940ల దశకములో బుర్రకథ ప్రభుత్వ నిషేధమునకు గురియైనది. నిషేధము పోయి బిరుదు వచ్చుటకు ఒక జీవితకాలము పట్టెను. బిరుదు రాని వేలమంది కళాకారుల మాట ఏమి?

నేటి పట్టణము చూచు మూడు తప్పులు

వీధిలో విద్య చూపువానికై మన పట్టణములలో ప్రత్యేకముగా చేసిన చట్టమేదియు లేదనియే చెప్పవలెను. వేర్వేరు పనులకై చేసిన చట్టములే అతనిపై వచ్చి పడుచున్నవి. అవి అతనిలో ముఖ్యముగా మూడు తప్పులను చూచును: దారికి అడ్డము, చెవికి రొద, చాపిన చేయి.

మొదటిది దారి. గుంపు చేరకున్న ఆట లేదు. గుంపు చేరినచో బండ్లు ఆగును. కావున పోలీసువారు ఎప్పుడైనను లేపివేయవచ్చును. ఇది వట్టి వేధింపు అని తీసివేయలేము. ఆసుపత్రికి పోవు బండి ఆగినచో ప్రాణమునకే ముప్పు.

రెండవది రొద. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము వ్రాతపూర్వకమైన అనుమతి లేక మైకు పెట్టరాదు. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగ స్థలములలో మైకు నిషిద్ధము. నివాస ప్రాంతములలో పగటివేళ 55 డెసిబెల్సు, వ్యాపార ప్రాంతములలో 65 డెసిబెల్సు హద్దు. డోలు, డప్పు గట్టిగా మ్రోగిన ఈ హద్దు దాటుట ఎంతసేపు?

మూడవది చాపిన చేయి. ఇదియే అన్నింటికంటె కఠినమైనది. 1959 బొంబాయి భిక్షాటన నిరోధక చట్టము భిక్షాటనను నిర్వచించుచు – పాట, నాట్యము, జోస్యము, ప్రదర్శన, వస్తువుల అమ్మకము వంటి ఏ నెపముతోనైనను బహిరంగ స్థలములో దానము స్వీకరించుట భిక్షాటనయే అని చెప్పినది. 'నెపము' అన్న మాటను గమనింపుడు. పదేండ్లు గడమీద సాధన చేసి నేర్చిన విద్య శాసనకర్త కంటికి నెపముగా కనిపించినది! పట్టుబడినవానిని మొదటిసారి ఒకటి నుండి మూడు సంవత్సరముల వరకు, మరల మరల పట్టుబడిన పది సంవత్సరముల వరకు నిర్బంధింప వీలున్నది. కర్ణాటకములో 1975లోను, ఆంధ్రప్రదేశములో 1977లోను భిక్షాటన నిరోధమునకు వేర్వేరు చట్టములు వచ్చినవి. రైలు పెట్టెలో పాడి చేయి చాపినచో 1989 రైల్వే చట్టము 144వ సెక్షను వేచియున్నది.

2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరుగనుండగా, నగర పోలీసు కమిషనరు వీధులలో భిక్షాటనను రెండు నెలలు నిషేధించిరి. అతిథులు వచ్చువేళ ఇల్లు సర్దుకొనుట సహజమే. కాని ఇంటిలోని మనుషులనే సర్దివేయుట తగునా? మరుసటి సంవత్సరము, 2018 ఆగస్టు 8న, ఢిల్లీ హైకోర్టు బొంబాయి చట్టము ఢిల్లీలో అమలగు విధమును పరిశీలించి, భిక్షాటనను నేరముగా ఎంచు నిబంధనలను కొట్టివేసినది. 2021 జూలైలో వీధుల నుండి యాచకులను తొలగింపుమని కోరిన వాదమును సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. గతిలేకయే మనుషులు చేయి చాపుదురని న్యాయమూర్తులు గుర్తుచేసిరి. ఈ తీర్పులు ఊరట కలిగించునవి. అయినను ఇవి కళాకారుని పేదవానిగా చూచి దయ తలచినవే గాని, కళాకారునిగా గుర్తించి హక్కు నిర్ణయించినవి కావు.

శిరసావహింపవలసిన నిబంధనలు

నిబంధన అన్నంతనే అన్యాయమని తలపరాదు. ఎలుగుబంటి ముక్కునకు త్రాడు వేసి ఆడించుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహము – వీటిని ఆడింపరాదని 1998లో కేంద్రప్రభుత్వము ప్రకటింపగా, 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. ఎలుగుబంటి ఆటతో జీవించిన కలందర్లకు ఇది కష్టమే అయినను, మూగజీవి బాధ అంతకంటె ప్రాచీనమైనది. ఆట ఆపినవారికి వేరు జీవనోపాధి చూపుట సమాజము బాధ్యత.

పిల్లల విషయము కూడ ఇట్టిదే. త్రాటిమీద నడచు ఆరేండ్ల బాలికకు మనము చప్పట్లు కొట్టుదుము. ఆమె బడికి పోవలెనని మరతుము. 14 సంవత్సరములు నిండని పిల్లలచే పని చేయించుట నేరము. 2016 సవరణలో సినిమా, టెలివిజను బాలనటులకు మినహాయింపు ఉన్నది, సర్కసునకు లేదు. పిల్లలచే భిక్షాటన చేయించినవారికి 2015 బాలన్యాయ చట్టము ఐదు సంవత్సరముల వరకు శిక్ష విధించును.

వేషము గురించి కూడ ఒక మాట. పల్లెలో పగటివేషగాడు పోలీసు దొరగానో, తహసీల్దారుగానో వచ్చి గదమాయించిన అందరు నవ్వుదురు. అతడెవడో వారికి తెలియును. ఎవరెవరో తెలియని నగరములో అదే వేషము మోసమని అపార్థమగును. ప్రభుత్వోద్యోగి దుస్తులను మోసబుద్ధితో ధరించుట శిక్షార్హము. ఆడువాని మనసులో మోసము లేకున్నను, ఠాణాలో అది నిరూపించుకొనుటకు ఒక రోజు కూలి పోవును.

ఇతర దేశముల అనుభవము

వీధికళకు, నగరమునకు తగవు మన దేశములోనే పుట్టలేదు. గణనయంత్రమునకు ఆద్యుడని పేరొందిన చార్లెస్ బాబేజి లండను వీధి వాద్యకారుల రొద వలన తన పని పాడగుచున్నదని ఏండ్ల తరబడి పోరాడెను. దాని ఫలితముగా 1864లో లండనులో వీధి సంగీతమును అదుపు చేయు చట్టము వచ్చెను. న్యూయార్కులో 1930ల దశకములో మేయరు లాగార్డియా వీధి వాద్యకారులకు లైసెన్సులు ఆపివేసెను. 1970లో మేయరు లిండ్సే ఆ నిషేధము ఎత్తివేసెను.

పిమ్మట అనేక నగరములు మధ్యేమార్గమును కనిపెట్టినవి. సింగపూరు మిక్కిలి కఠిన నియమములు గల నగరము. అక్కడ 1997 నుండి వీధి కళాకారులకు అనుమతి పద్ధతి కలదు. విద్యను పరీక్షించి అనుమతి ఇత్తురు. టోక్యోలో 2002లో, లండను భూగర్భ రైల్వేలో 2003లో ఇట్టి పద్ధతులు ఆరంభమైనవి. కళాకారుడు నిలువవలసిన చోటు, వేళ ముందే నిర్ణయింపబడును. అంతవరకు అతనిని ఎవరును లేపరు.

ఇందులో మనకు క్రొత్త ఏమున్నది? పెద్దలను దర్శించుట, చోటు, దినములు నిర్ణయించుకొనుట, ఒకరి వంతులో మరొకరు రాకుండుట – మన ఊరి కట్టుబాటులోనివే ఇవన్నియు. రెడ్డి, కరణముల స్థానములో కార్యాలయము వచ్చినది. నోటిమాట స్థానములో కాగితము వచ్చినది. కులము అడుగుట మాత్రము పోయినది. అది మేలే.

చేయవలసినది

మన దేశములో 2014 వీధి విక్రేతల చట్టము వచ్చినది. వీధిలో వస్తువులమ్మువారినే గాక సేవలందించువారిని కూడ అది విక్రేతలుగా పేర్కొన్నది. గుర్తింపు పత్రములు, పట్టణ కమిటీలు, అమ్మకమునకు ప్రత్యేక స్థలములు అందున్నవి. గారడీ చూపుట ఆ సేవలలోనిదా కాదా అన్నది స్పష్టముగా వ్రాయబడలేదు. పురపాలక సంఘములు తలచినచో పార్కు ముందర, సంత మైదానములో, బస్టాండు ప్రక్కన ఒక్కొక్క చోటు వీధి కళలకు కేటాయించుట కోట్లతో పని కాదు. జాగా, వేళ, వంతు, ఒక పత్రము – ఈ నాలుగును చాలును.

అది జరుగులోగా నగరమునకు పోవు కళాకారుడు కొన్ని జాగ్రత్తలు తీసికొనవలెను. ఆడదలచిన ప్రాంతపు పోలీసు ఠాణాలోను, పురపాలక కార్యాలయములోను ముందుగా దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్లు సంతకము గల నకలు దగ్గర ఉంచుకొనవలెను. అనుమతి లేక మైకు వాడరాదు. ఎర్రదీపము దగ్గర ఆగిన బండ్ల నడుమ ఆడరాదు. ఆసుపత్రి, పాఠశాల, ప్రార్థనాస్థలముల ఎదుట గుంపు చేర్పరాదు. గుర్తింపు పత్రము ఎల్లప్పుడు వెంట ఉండవలెను.

ఈ చివరి మాట చెప్పుట సులభము, చేయుట కష్టము. గుర్తింపు పత్రమునకు చిరునామా కావలెను. తిరుగువానికి చిరునామా ఎక్కడిది? సంచార జాతుల స్థితిని పరిశీలించుటకు 2006లో ఏర్పడిన రేంకే కమిషను కూడ ఈ లోపమునే ఎత్తిచూపినది. ఇల్లు లేదని రేషను కార్డు లేదు, కార్డు లేదని బడిలో పేరు లేదు, చదువు లేదని దరఖాస్తు వ్రాయుటకు దిక్కు లేదు. వ్రాయలేనివాడు అడుగలేడు; అడుగనివానికి శాసనములో చోటు దొరకదు.

మన విద్యార్థులు పూనుకొనదగిన పని ఇక్కడ కలదు. ఉరుసునకో, తిరునాళ్లకో, శివరాత్రి యాత్రకో మన ఊరి వెలుపల గుడారములు వెలసినప్పుడు తెలుగు, ఉర్దూ రెండును తెలిసిన మీరు ఒక పూట అక్కడికి పోవచ్చును. వారి పేర్లు, వారి విద్యలు, వారు తిరుగు ఊళ్లు అడిగి వ్రాసికొనవచ్చును. ఒక దరఖాస్తు వ్రాసిపెట్టవచ్చును. పిల్లవానిని బడిలో చేర్పించుటకు తోడు పోవచ్చును. దీనికి పట్టము అక్కరలేదు. ఒక కలము, కొంత ఓపిక చాలును. ఊరు వారిని ఎరిగియున్నంత కాలము వారికి కాగితముతో పని లేకుండెను. నేడు వారు పోవు నగరము కాగితమునే ఎరుగును. కావున మొదటి కాగితము మన చేత వ్రాయబడుట న్యాయము.